పురుగు తిన్న గింజ

చిక్కుడు గింజకి పురుగు బెజ్జం కనిపిస్తే ఇప్పటికీ దాన్ని ఏరి దూరంగా పారేస్తాను.

డెబ్బైల్లో మాట. అరకు నుంచి ఘాట్ దిగుతున్న బస్సులో ఒక కొండ ముసలమ్మ అడవి చిక్కుడు గింజల బుట్ట ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. మూడేళ్ళ మా పాప అందులోంచి ఒక గింజ తీసి నోట్లో వేసుకుంది. దానికి బెజ్జం ఉండటం చూశాను. పురుగే తింటే పాపకేమవుతుందిలే అనుకున్నాను.

ముసలమ్మ చటుక్కున పాప నోట్లో వేలు పెట్టింది. సగం గింజే బయటికొచ్చింది.

"ఇసం గింజమ్మా! ఏడు నీళ్ళు మార్సి ఉడకబెడితేగానీ మేమే తినం."

"పురుగు తింది కదా?" అన్నాను.

"పురుగు తాతల్నాటి నుంచి ఆ ఇసంతోనే కాపరం సేత్తంది. నీ గుంట మొన్న పుట్టింది."

మిగతా సగం ఎక్కడా దొరకలేదు. కాసేపటికి పాప కళ్ళు మూసుకుంది. అది నిద్రో కాదో తెలియక ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను. ముసలమ్మ పాప పొట్ట మీద వేసిన చెయ్యి తియ్యలేదు. కొండ దిగాక పాప లేచి నీళ్ళడిగింది. అప్పుడామె చెయ్యి తీసి, బస్సు ఆపమంది.

"ఇక్కడేటి మామ్మా?" అన్నాడు కండక్టరు. "నీ ఊరు కొండ మీదే దాటిపోనాది కదా!"