టిఫిన్ అంగట్లో నా పలకరింపు

శనివారం. బట్టలు ఉతికాను, దుప్పట్లు మార్చాను, బియ్యం ఏరాను. ఇక వంటకు ఓపిక లేక టిఫిన్ అంగడికి వెళ్లాను.

దోసెలు పోస్తున్నది, మా చర్చి తరఫున జైలుకెళ్లి నేను నడిపే ఆదివారం ప్రార్థనకు వచ్చే ఖైదీ! సంతోషం పట్టలేక, "వందనాలు సిస్టర్! ఎప్పుడు వదిలిపెట్టినారు?" అనేశాను.

ఆమె చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

యజమాని తలెత్తాడు. "యాడ్నుంచి వదిలేది?"

"ఆయమ్మ ఎవురో నాకు తెలీదన్నా," అందామె.

"ఆస్పత్రి నుంచప్పా! మా చర్చిలో ఒకామె అచ్చం ఈమె మాదిరే ఉండాది," అన్నాను.

"కండ్లద్దాలు మార్సుకో అక్కా," అని నవ్వాడతను.

అబద్ధమాడవద్దని జైల్లో పాఠం చెప్పేది నేనే. జైల్లో పరిచయమైనవాళ్లు బయట ఎదురైతే మీరు పలకరిస్తారా?

ఇంటికొచ్చి ఆమె కట్టిచ్చిన దోసెల పొట్లం విప్పితే నేనడగని వడ ఒకటి ఉంది. తనకోసం నేనాడిన అబద్ధానికి ఆమె బాకీ తీర్చేసింది. ఆమెను భయపెట్టినందుకు నా బాకీ అలాగే ఉంది.