విజయగాథలో మందుల పేరా

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను ప్రభుత్వ ప్రచార విభాగంలో కాంట్రాక్టు మీద కథనాలు రాసేవాడిని. ఇల్లు జనగామలో. పొద్దున రైలెక్కి వరంగల్ ఆఫీసుకు పోయి, అక్కడి నుంచి వాళ్లు చెప్పిన ఊరికి పోవాలి. మహబూబాబాద్ వైపు మిర్చి రైతు, డోర్నకల్ దగ్గరి తండాలో కుట్టుమిషన్లు అందుకున్న ఆడవాళ్లు, ఇట్లా ప్రభుత్వం వల్ల ఎవరికైనా మేలు జరిగితే దాన్ని చదవబుద్ధయ్యేలా రాయడం నా పని. వాటిని విజయగాథలు అనేవాళ్లం.

ఒకసారి రేగొండ దగ్గరి పల్లెకు పంపారు. అక్కడొక రైతుకు సర్కారు వైద్య పథకం కింద హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్ జరిగింది. పాడైన కవాటం తీసేసి ఇనుపది పెట్టారు. మనిషి మంచి మాటకారి. ఆపరేషన్ గురించి అడిగితే చొక్కా గుండీలు విప్పి, నన్ను చెవి దగ్గర పెట్టి వినమన్నాడు. నిజంగానే సన్నగా టిక్కు టిక్కుమంటోంది.

"గడియారం మింగినట్టయింది సారూ. గీ సప్పుడుకు నిద్రవడ్తలేదని మా ఆమె మంచం అటు జరుపుకున్నది" అన్నాడు.

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పుడు తీసిన ఫొటోలో ఆయన కూడా నోరారా నవ్వుతున్నాడు.

నేను బయల్దేరేటప్పుడు ఆమె గుమ్మం దాకా వచ్చి ఇంకో సంగతి చెప్పింది. ఆ ఇనుప కవాటం ఉన్నన్నాళ్లు, అంటే బతికున్నన్నాళ్లు, రక్తం గడ్డకట్టకుండా మందు వేసుకుంటూనే ఉండాలట. ఆ మందు పరకాలలో కూడా ఒకప్పుడు దొరికితే ఒకప్పుడు దొరకదు. రక్తపరీక్షకు హనుమకొండ పోవాలి. ఇవేవీ పథకం కిందికి రావు. ఏమన్నా అవసరం పడితే ఫోన్ చేయమని నా నంబర్ ఇచ్చి వచ్చాను.

కథనం చివర మందుల గురించి ఒక పేరా రాశాను. మా అధికారి కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన పెద్దమనిషి, మర్యాదస్తుడు. చదివి, ఆ పేరా మీద అడ్డంగా గీత గీశాడు. "మీరు రాసింది నిజమేనండి. కాని మందులు దొరకడం లేదని ముగిస్తే దాన్ని విజయగాథ అనరు కదా. పైవాళ్లు నన్నడుగుతారు" అన్నాడు. ఒక్క వాక్యమైనా ఉంచమని అడిగాను. పైకి విడిగా రాస్తానన్నాడు. రాశాడో లేదో నాకు తెలియదు. రైతు మాటలు కూడా మారిపోయాయి. గడియారం ముచ్చట పోయి, ఆ చోట "నాకు పునర్జన్మ లభించింది" అన్న వాక్యం వచ్చి కూర్చుంది.

అది అచ్చుకు పోయిందో లేదో, రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులు డిపోలు దాటలేదు, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. పర్మినెంటు వాళ్లతో పాటు నేనూ జనగామ చౌరస్తాలో టెంటు కింద కూర్చునేవాడిని. రాష్ట్రం రావాలని మా అందరికీ ఎంత ఉండేదో ఇప్పుడు చెప్పినా సరిగ్గా చెప్పలేను. ఆ టెంటు కిందే ఉండగా రేగొండ రైతు భార్య ఫోన్ వచ్చింది. మందులు అయిపోయి వారం దాటింది. పరకాలలో లేవు. హనుమకొండ పోదామంటే బండ్లు లేవు.

"మాకు ఎర్కున్న సర్కారోనివి నువ్వొక్కనివే సారూ" అంది.

సర్కారులో నేను ఎవరినో ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. జనగామ దుకాణాలన్నీ తిరిగాను, ఎక్కడా ఆ మందు లేదు. మర్నాడు పొద్దున్నే స్నేహితుని మోటార్‌సైకిల్ అడిగి తీసుకుని బయల్దేరాను. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రోడ్డుకు అడ్డంగా ఉద్యమకారులు పెట్టిన దుంగలు. విషయం చెబితే వాళ్లే జరిపి దారి ఇచ్చారు. హనుమకొండలో దవాఖాన ఎదుటి దుకాణంలో మందు దొరికింది. పరకాల దాటాక నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. తిని పొమ్మని బలవంతం చేశారు. ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీలు లేదు, అందరూ మనవాళ్లే. ఇంకొంచెం ముందు ఒక చెట్టు కొట్టి పడేశారు. పక్కన పత్తిచేను గట్టు మీదుగా బండి దాటిద్దామని చూస్తుంటే ఎదురుగా ఒక ట్రాలీ ఆటో వచ్చింది. లోపల ఎవరినో పడుకోబెట్టారు, పైన దుప్పటి. చెట్టు కొట్టిన పిల్లలే పరుగెత్తి వచ్చి ఆ ఆటోను గట్టు మీదికి ఎక్కించారు. నేను బండి పక్కకు తీసి దారి ఇచ్చాను. ఎవరో పాపం అనుకున్నాను.

వాళ్లింటికి పోయేసరికి తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది. పక్కింటి అవ్వ చెప్పింది. "పొద్దుగాల మూతి వంకర వోయింది బిడ్డా, కుడి చెయ్యి వడిపోయింది. ఇప్పుడే ఆటోల వరంగల్ తీస్కపోయిండ్రు. నీకు ఎదురు గాలేదా?"

మందుల సంచి పట్టుకుని ఆ అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను.

మర్నాడు వరంగల్ దవాఖానలో ఆయనను చూశాను. కవాటం దగ్గర రక్తం గడ్డకట్టి మెదడుకు పోయిందని డాక్టర్ చెప్పాడు. ప్రాణం నిలిచింది. మాట పోయింది. నన్ను గుర్తుపట్టి ఏదో అనబోయాడు, గొంతులోంచి ఒట్టి శబ్దం వచ్చింది. ఆమె నా చేతిలో మందులు తీసుకుని సంచిలో పెట్టుకుంది. ఏమన్నా అని ఉంటే బాగుండేది.

సమ్మె ముగిశాక విజయగాథల పుస్తకాలు కట్టలు కట్టలుగా ఆఫీసుకు వచ్చాయి. మూడో పేజీలో ఆయన నవ్వుతున్నాడు. పంచడం ఆపమని మా అధికారిని అడిగాను. జరిగింది విని ఆయన వెంటనే హైదరాబాద్‌కు ఫోన్ చేశాడు. అన్ని మండలాలకూ ఇప్పటికే పోయాయన్నారు. పైగా భూపాలపల్లిలో సభ ఉంది, ఆ రైతును తెచ్చి నాలుగు మాటలు మాట్లాడించమన్నారు. ఆయన మాట్లాడలేడని చెబితే, అయితే ఇంకొకరిని చూడమన్నారు. మా అధికారి ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. "నా చేతుల్లోనూ ఏమీ లేదండి" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. నేను చిట్యాల వైపు పోయి అదే పథకం కింద మూత్రపిండంలో రాళ్లు తీయించుకున్న ఒకాయనను వెతికి తెచ్చాను. సభలో ఆయన బాగానే మాట్లాడాడు.

తర్వాత రేగొండ వైపు పనిబడినప్పుడు వాళ్లింటికి పోయాను. పంచాయతీ ఆఫీసు నుంచి పుస్తకం ముందే చేరింది. బడికి పోయే కూతురు ఆ పేజీ పైకి చదువుతుంటే, మంచం మీద ఆయన ఎడమ చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు, కాదు కాదన్నట్టు.

"గివి ఆయన మాటలు గావు సారూ. ఆయన మాట్లాడుతుంటే మేం నవ్వుకుంట కూసునేటోళ్లం" అంది భార్య.

రాష్ట్రం ఖాయమైన రోజు జనగామలో టపాకాయల మోతకు చెవులు వినపడలేదు. రంగు చల్లుకున్న ముఖంతోనే పక్క సందులోకి పోయి ఆమెకు ఫోన్ చేశాను. వాళ్ల ఊళ్లోనూ డప్పులు కొడుతున్నారు. ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి వాకిట్లోకి తెచ్చారట. చాలాసేపు ఏడ్చాడట.

సంతోషానికేనా అని అడిగాను.

"ఏమో సారూ. అడుగుతే చెప్తడా, చెప్పరాదాయె" అంది.

అటు డప్పులు, ఇటు టపాకాయలు, ఫోన్ కాసేపు అట్లాగే పట్టుకుని నిలబడ్డాం.