ఆగవే!

నేను నెల్లూరులో మెదడు స్కానింగ్ తీసే రోజుల్లో ఉదయగిరి నుంచి మేకలు కాసుకునే ఒక అక్క వచ్చేది. వాళ్ల నాయన నుంచి సంక్రమించిన జబ్బుతో ఆమె చేతులు, మెడ వాటంతటవే ఎగిరిపడేవి. చెయ్యి ఎగిరినప్పుడల్లా, దారి తప్పిన మేకను అదిలించినట్టు "ఆగవే!" అని దాన్ని గదమాయించేది.

స్కానింగ్ యంత్రంలో కదలకుండా పడుకుని, తెర మీద పచ్చ రంగు వస్తే మీట నొక్కాలి, ఎరుపు వస్తే నొక్కకుండా ఆగాలి. అదీ పరీక్ష. తల కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. ఆమె "ఆగవే!" అని అరిచి తల కదిలించడంతో రెండుసార్లు చెదిరింది.

"ఇంక చాల్లే అక్కా" అన్నాను.

"చాలదబ్బయ్యా. ఎరుపంటే పరాయోళ్ల చేను. నా మేక దాంట్లో నోరు పెట్టదు, చూస్తా ఉండు" అని మళ్లీ పడుకుంది.

ఈసారి మైకులో ఆమె గొంతు వినపడలేదు. "ఆగవే" అని మనసులోనే అనుకున్నట్టుంది. ఎరుపు వచ్చిన ప్రతిసారీ వేలు ఆగింది. బొమ్మలు అద్దంలా వచ్చాయి. నేను గట్టిగా చప్పట్లు కొట్టేశాను.

బయటికొచ్చి తెర మీద తన మెదడును చాలాసేపు చూసింది. జబ్బుతో కుంచించుకుపోయిన చోటు వేలు పెట్టి చూపించాను.

"మా నాయన తూలతా నడిస్తే ఊరంతా తాగుబోతన్నారు. ఆయన సారా ముట్టిందే లేదు. ఇది జబ్బు కాదని ఇప్పుడనమను!"

ఫిల్ము చంకలో పెట్టుకుని బస్సుకు బయల్దేరింది. చెయ్యి ఎగురుతూనే ఉంది. ఆ రోజు మాత్రం దాన్ని గదమాయించలేదు.