గుమ్మం దగ్గర ఊడని బూట్లు

ఈ సంగతి జరిగి కొన్నేళ్ళయింది. సిగ్గుపడి ఇన్నాళ్ళూ రాయలేదనుకునేరు. సిగ్గు నాకు ఎప్పుడూ అంత ఎక్కువ లేదు. రాయడం రాక రాయలేదు, అంతే. మలేసియాలో బాగన్ దాతుక్ కొబ్బరితోటలో పుట్టినదాన్ని. పలక పట్టాల్సిన వయసులో కొబ్బరికాయలు ఒలిచాను. తల నెరిశాక, గుడి హాల్లో చిన్నపిల్లలకు చెప్పే ఆదివారం తెలుగు తరగతిలో, వాళ్ళ బుల్లి కుర్చీలో ఇరుక్కుని కూర్చుని అక్షరాలు దిద్దాను. ఇప్పుడు చేతిలో కలం ఉంది, ఎదురుగా మీరున్నారు. ఒక జత బూట్లతో నా కూతురి పెళ్ళిని నేనే ఎలా గుమ్మంలో నిలబెట్టేశానో చెప్పకుండా వదలను.

మా కోమల పోర్ట్ క్లాంగ్‌లో ఒక గోదాములో పనిచేసేది. అక్కడే పనిచేసిన సుంగై సిపుట్ ఊరి అబ్బాయి మురళిని చేసుకుంటానంది. అబ్బాయి బంగారం. అయితే ఆ ఉద్యోగం మానేసి, ఇంటి ముందుగదిలో కూర్చుని చేత్తో తోలు బూట్లు కుడుతున్నాడు. వాటిని మొకాసిన్ బూట్లంటారట.

"ఈ ఎండలో బూట్లు ఎవులేసుకుంతారే?" అన్నాడు మా ఆయన.

"మోటార్‌సైకిల్ వోళ్ళు, కొండలెక్కేవోళ్ళు నాన్నా. ఆర్డర్లు నిండిపోయినాయి లా!" అంది కోమల, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి.

మాకు నచ్చింది. నచ్చనిది మురళి పెదనాన్నకు. మురళికి తండ్రి లేడు కాబట్టి పెద్దరికం ఆయనది. "ఆ తోలు కుట్టడం మానేసి ఫ్యాక్టరీలో సేరితేనే తాంబూలం పళ్ళెం ముట్టుకుంతాను" అని కూర్చున్నాడు. మురళి తల్లి అప్పలనర్సమ్మ ఒదిన తెలివైనది. "పెళ్ళికూతురి తల్లి ఆ బూట్లేసుకుని మా గుమ్మంలోకి నడిసి రావాల. ఎంత సుకంగా ఉన్నాయో మా బావగారు కళ్ళతో సూడాల" అంది. అంటే ఆ అబ్బాయి బతుకుతెరువు, మా అమ్మాయి పెళ్ళి రెండూ వచ్చి నా పాదాల మీద కూర్చున్నాయి.

మురళి ఫోన్ చేశాడు. "అత్తా, నేనొచ్చి మీ కాలు కొలుచుకుంటాను."

"ఓలమ్మో! పెళ్ళిపీటల మీద మేం నీ కాళ్ళు కడగాల బావూ. నువ్వే వొచ్చి నా కాలు పట్టుకుంతే లోకం తలకిందులైపోదేటి? నానే బొమ్మ గీసి పంపిస్తాను."

"అయితే కాగితం మీద గట్టిగా నిలబడి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు గీయండత్తా. ఈ బూటుకి కింద వేరే అట్ట ఉండదు. ఒకే తోలుముక్క అరికాలి కిందనుంచి పైకొచ్చి కాలిని చుట్టుకుంటుంది. కొలత సరిగ్గా ఉంటే ఒంటి మీద చర్మంలా ఉంటుంది. తప్పితే దాచుకోడానికి సందు ఉండదు."

నేను "సరే సరే" అన్నాను. విన్నానా అంటే, విన్నాను.

కాగితం మీద నిలబడి గీశాను. కాలు తీసి చూస్తే గుండె జారింది. తోటలో చెప్పుల్లేకుండా పెరిగిన కాలు నాది. వేళ్ళు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. బొటనవేలు పోర్ట్ క్లాంగ్ వైపు చూస్తే, చిటికెనవేలు సుంగై సిపుట్ వైపు చూస్తుంది. కాగితం మీద బాతేదో కాసేపు నిలబడి వెళ్ళినట్టుంది. ఇది వియ్యాలవారి ఇంటికి వెళ్ళాలా? వాళ్ళంతా చేతులు మార్చుకుని చూడాలా?

అప్పటికి నా చేతికి అక్షరాలు రావు గానీ ముగ్గులొచ్చు. పండగ వస్తే గేటు నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో లక్ష్మీదేవి పాదాలు వేసేదాన్ని. వీధిలోవాళ్ళు ఫోటోలు తీసుకునేవారు. అలాంటి చేయి ఆ బాతుపాదాన్ని చూసి ఊరుకుంటుందా? మడమ దగ్గర కొంచెం చెరిపాను. నడుము దగ్గర సన్నం చేశాను. వేళ్ళను దగ్గరికి పిలిచి వరసగా నిలబెట్టాను. చివరికి చూస్తే, అంత చక్కని పాదం మా వంశంలోనే లేదు.

మా ఆయన కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఇదెవుల కాలే పైడీ?"

"నాదే."

"మరి ఇన్నాళ్ళూ నాతో కాపరం సేసిన కాలు ఎవులది?"

మగవాళ్ళకు కళ అర్థం కాదు. పంపించేశాను.

తాంబూలాల ముందురోజు కోమల బూట్లు తెచ్చింది. అబ్బ, ఏం బూట్లు! తేనెరంగు తోలు, ముట్టుకుంటే చంటిపిల్ల బుగ్గ. వేళ్ళ పైన తోలు అంచును కజ్జికాయ అంచులా ముడతలు పెట్టి మైనం పట్టించిన దారంతో కుట్టాడు. చీలమండ చుట్టూ కట్టుకోడానికి తోలుతాడు. వేళ్ళు లోపలికి వెళ్ళాయి. మడమ మాత్రం బయటే ఉండి నన్ను చూసింది.

మర్నాడు సుంగై సిపుట్‌లో వాళ్ళ వీధి మలుపులో కారాపించి, కాళ్ళకు కొబ్బరినూనె రాసుకుని, మా ఆయన వెనకనుంచి తోస్తుంటే మొత్తానికి దూర్చాను. లోపల నా వేళ్ళు పండగ రోజు బస్సులో జనంలా ఒకరి మీద ఒకరు ఎక్కాయి. కారు దిగి వాళ్ళ గుమ్మం దాకా నడిచాను. నిప్పులు తొక్కేవాళ్ళకైనా పరుగెత్తే వీలుంటుంది. నేను పట్టుచీరలో, నవ్వు ముఖంతో, నెమ్మదిగా నడవాలి.

పెదనాన్న వాకిట్లో నిలబడి నా కాళ్ళే చూస్తున్నాడు. "సుకంగా ఉన్నాయేటమ్మా?"

"మబ్బుల మీద నడిసినట్టుంది అన్నయ్యా" అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషమనుకున్నాడు.

గుమ్మం ముందు చెప్పుల గుట్ట కనపడింది. అది చూశాక గుర్తొచ్చింది నాకు. ఈ దేశంలో ఎవరింట్లోకీ చెప్పులతో వెళ్ళం. వేసుకోవడం ఎలా అని రాత్రంతా ఆలోచించిన ఈ మహాతల్లి, తీయడం గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు.

"కసుత్ తీసి లోపలికి రా ఒదినా, రాహుకాలం వొచ్చేస్తంది" అంది అప్పలనర్సమ్మ ఒదిన.

లాగాను. రాలేదు. మా ఆయన వంగి లాగాడు. బూటు రాలేదు, నేను వచ్చాను. స్తంభం పట్టుకున్నాను. మళ్ళీ లాగాడు. స్తంభం కదిలిందేమో గానీ బూటు కదల్లేదు.

"ఇక్కడే నిలబడి పళ్ళెం అందించేస్తాం" అన్నాడు మా ఆయన చెమట తుడుచుకుంటూ.

"గుమ్మానికి అటూ ఇటూ నిలబడి తాంబూలాలేటి? అశుభం కాదేటి?" అంది ఒదిన.

పెదనాన్నకు కావలసింది దొరికింది. "సూసినారా? ఏసుకుంతే ఊడని కసుత్! ఇలాటిది ఎవుడు కొంతాడ్రా మురళీ? రేపే ఫ్యాక్టరీకి ఎల్లు."

మురళి ముఖం మాడిపోయింది. పరుగున వచ్చి నా ముందు కూర్చుని, నా కాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. లోకం తలకిందులైంది. వేళ్ళతో బూటు అంతా తడిమాడు. "అత్తా, కొలత పెట్టి కోసిందే ఇది. మీరు పంపిన బొమ్మ..."

"కాళ్ళు వాచిపోనాయి బావూ. కారులో దూరం కదా!" అన్నాను.

"ఒక్క ప్రయాణానికే ఇరుక్కుపోతే ఇదేం బూటురా?" అన్నాడు పెదనాన్న.

నా అబద్ధం వెళ్ళి ఆ అబ్బాయి మెడకే చుట్టుకుంది. గుమ్మంలోపల కోమల గోళ్ళు కొరుక్కుంటోంది. ఇంకొక్క అబద్ధం ఆడితే ఆ పళ్ళెం లోపలికి వెళ్ళదు. కళ్ళు మూసుకుని చెప్పేశాను.

"బూటు తప్పు కాదు అన్నయ్యా! బొమ్మ గీసింది నానే. కాలు మాత్రం లక్ష్మీదేవిది."

అందరూ నోళ్ళు తెరిచారు. ముగ్గు సంగతి మొత్తం చెప్పాను. అప్పలనర్సమ్మ ఒదిన ముందు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత గుమ్మం పట్టుకుంది, చివరికి చెప్పుల గుట్ట మీదే కూలబడి నవ్వింది. మురళి తల ఎత్తి, "అత్తా, ఆ పాదం చూసి నేనూ కొంచెం అనుమానపడ్డాను. మనిషి కాలికి అంత అందం ఉండదు" అన్నాడు.

లోపలినుంచి చిన్న కత్తెర తెచ్చాడు. వేళ్ళ మీది కుట్టు దారం ఒక్కొక్క ముడతా తెంపుకుంటూ వెళ్ళాడు. అరిటాకులో చుట్టిన నాసి లెమాక్ అన్నం పొట్లం విప్పినట్టు బూటు విచ్చుకుంది. నా వేళ్ళు బయటికొచ్చి, ఎవరి దిక్కుకు వాళ్ళు చూడడం మొదలుపెట్టాయి.

పెదనాన్న వంగి చూశాడు. నా కాలిని చూశాడు. రెండో బూటును చూశాడు. అది ఇంకా నా ఎడమకాలిని పట్టుకునే ఉంది.

"ఏటి లా ఇది! ఈ కాలు అందులో దూరిందా?"

"దూరింది అన్నయ్యా."

"నడిసినావా?"

"నడిసినాను."

"ఒక్క కుట్టు ఊడలేదేట్రా మురళీ!" ఆయన గొంతు మారిపోయింది. "ఏనుగు కాలు పెట్టినా సిరగదన్నమాట. నాకూ ఒక జత కుట్టు. పెన్సిల్ నువ్వే పట్టుకో."

రాహుకాలం రాకముందే రెండో బూటూ అలాగే విప్పించుకుని, కాళ్ళకు నూనె జిడ్డుతో, తోలు ముద్రలతో, లోపల చాప మీద కూర్చుని పళ్ళెం అందించాను. పెదనాన్న రెండు చేతులా అందుకున్నాడు.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో లక్ష్మీదేవి పటం ముందు నిలబడి గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. "తల్లీ, నువ్వు ఇచ్చినదాన్ని ఇక ఈ జన్మలో దిద్దను. వంకరైనా, వెడల్పైనా, ఉన్నది ఉన్నట్టే నలుగురికీ చూపిస్తాను" అని.

మర్నాడు పొద్దున్న టీ తాగుతుంటే, చుట్టాలందరికీ పంపడానికి తాంబూలాల ఫోటోలు తీసి పెట్టుకుంది కోమల. నాకు చూపించింది. చేతిలోంచి ఫోన్ లాక్కుని, నా గడ్డం కింద వేలాడుతున్న రెండో గడ్డం మీద వేలు పెట్టి అడిగాను:

"పంపించీకు, ఆగు. ఇది కూసింత సెరిపేయడానికి అవదేటే?"