గంజి పెట్టిన గొట్టం

మా బావ వ్యాను, ఎవరో దొరలు మద్రాసులో అమ్మేసి వెళ్ళినది. లోపల మడత పడక, చిన్న పొయ్యి, కిటికీలకు తెరలు. వాళ్ళు అందులోనే కాపురం చేస్తూ దేశాలు తిరిగారట. బావ అందులో లుంగీల మూటలు వేసుకొని పళ్ళిపట్టు, ఆర్.కె.పేట సంతలు తిరిగేవాడు. పడక మీద లుంగీలు పడుకునేవి, కింద బావ. సరుకు నలగకూడదు గదా.

ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య నీళ్ళు తిప్పే రబ్బరు గొట్టాలు ముదిరి పగుళ్ళిచ్చాయి. మార్చాలని తిరుత్తణి మెకానిక్కు బావతో చెప్పాడు. మగ్గం మీద బతికేవాళ్ళకు తెగినదాన్ని మార్చే అలవాటు లేదు, అతికే అలవాటే. బావ పడుగు నూలును గంజిలో ముంచి, గొట్టానికి పోగు పక్కన పోగు బిగించి చుట్టి ఎండబెట్టాడు. గొట్టం కంటే ఆ నూలు చుట్టే అందంగా ఉంది.

"వేణ్ణీళ్ళు తగిలితే గంజి నిలుస్తుందా బావా?" అన్నాను.

"చూసినావా, బీయస్సీ చదివి మనకే గంజి సంగతి చెప్తాండాడు నీ తమ్ముడు," అన్నాడు అక్కతో.

అక్క టీచరు ట్రైనింగు ముగించి, ఏళ్ళ తరబడి ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. అప్పటికి తెలుగు బడిలో ఉద్యోగానికి తిరువళ్ళూరులో ఇంటర్వ్యూ వచ్చింది. ఆ ఏడు దాటితే వయసు మీరిపోతుంది.

"నేను రైలుకు పోతాను," అంది.

"ఇంట్లో వ్యాను పెట్టుకొని రైలుకా? నలుగురూ నవ్వరా? దొరసాని మాదిరి దిగుదువు, రా."

ఇంటర్వ్యూ రోజు ముగ్గురం వ్యానులో పోతుంటే తిరువాలంగాడు మలుపు దగ్గర ఇంజనులోంచి ఆవిరి లేచింది. గంజి కరిగి, నూలు వదులై, పగులు నోరు తెరిచింది. కొత్త లుంగీని వేణ్ణీళ్ళలో వేస్తే గంజి వదులుతుందని మాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఆ జ్ఞానాన్ని లుంగీలకే పరిమితం చేసుకున్నాం.

ఇస్త్రీ చీరతో అక్క స్టేషనుదాకా నడిచింది. ఎక్కుతానన్న రైలు అప్పటికే వెళ్ళిపోయింది. తరువాతి రైల్లో మేం చేరేసరికి ఆఫీసు గుమాస్తా కుర్చీలు సర్దుతున్నాడు. "ముడింజు పోచ్చమ్మా," అన్నాడు. అయిపోయింది.

"దేవుడు రాసిపెట్టలేదు," అన్నాడు బావ ఇంటికొచ్చాక. దేవుడి మీద వేయడం సులువు. ఆయనకు వ్యాను లేదు.

మరుసటి ఏడు వ్యానుకు బేరం వచ్చింది. ఇంజను వేడెక్కితే బండి వద్దంటానని కొనే మనిషి ముందే చెప్పాడు. అప్పుడు బావ కొత్త గొట్టాలు తెచ్చాడు. చల్లారిన ఇంజనులోంచి నీళ్ళు వంపి, గొట్టాలను పట్టి ఉంచే ఇనుప పట్టీల మరలు వదులు చేసి, అతుక్కుపోయిన పాతవాటిని కత్తితో నిలువునా కోసి పీకాడు. గొట్టం కూర్చునే చోట తుప్పు గీకి, కొత్తవి చివరిదాకా ఎక్కించి, పట్టీలు బిగించాడు. నీళ్ళు పోసి, ఇంజను నడిపి, ప్రతి అతుకునూ తడిమి చూశాడు. చుక్క కారలేదు. పొద్దున ఇడ్లీ తిని మొదలుపెట్టినవాడు మధ్యాహ్నం అన్నానికి లేచాడు. అంతే పని.

కొనే మనిషి మర్యాదస్థుడు. వాకిట్లో కండెలు చుడుతున్న అక్కను కూడా పిలిచాడు.

"నువ్వూ ఎక్కక్కా. తిరువళ్ళూరుదాకా ఒక రవుండు పోయొద్దాం."

అక్క తల ఎత్తలేదు. నిండిన కండె తీసి, ఖాళీది పెట్టింది.

"ఇప్పుడు నాకు ఆడ పనేం లేదన్నా," అంది.