ఆదివారం ఆట

ఈ ఉదయం గరాజ్ తలుపు ఎత్తగానే పాత తోలు గ్లవ్ వాసన గుప్పున కొట్టింది. నూనె, మట్టి, చెమట కలిసి మాగిన ఆ వాసనకి నేను మళ్ళీ చిన్నపిల్లవాణ్ణయి, కెనడాలో, విండ్సర్‌లోని మా పెరట్లో మోకాళ్ళకి గడ్డి పసరు అంటించుకుని, కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగివచ్చే డాడీ కోసం ఎదురుచూస్తున్నాను.

కాకినాడలో ఉన్నప్పుడు డాడీ క్రికెట్ బౌలర్. బేస్‌బాల్ ఎలా విసరాలో ఎంత చూపించినా ఆయన చెయ్యి వంగేది కాదు. పరుగెత్తుకొచ్చి బౌలింగే చేసేవాడు. బంతి నా ముందు నేలకి కొట్టుకుని గడ్డానికో గుండెకో ఎగిరేది. "చెయ్యి వంచితే నోబాల్ రా!" అనేవాడు. జూలై సాయంత్రాల్లో మమ్మీ గ్రిల్ మీద మొక్కజొన్న పొత్తులు కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్ది ఇచ్చేది. ఆ కారం వేళ్ళతోనే కళ్ళు నులుముకుంటూ, చీకటి పడేదాకా ఆ గెంతే బంతుల్ని ఒంటితో ఆపుతూ ఉండేవాణ్ణి. అలా ఆపీ ఆపీ, బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టే క్యాచర్నయ్యాను. నేలకి తగిలిన బంతి నన్ను దాటిపోదని టీం అంతా నమ్మేది.

కానీ మ్యాచ్‌లు ఆదివారాలు. ఒక స్కూలు హాల్లో మా తెలుగు చర్చి. ఆరాధన, తర్వాత పలావు, కోడికూర, అంకుల్స్ తెగని కబుర్లు. ఇస్త్రీ చొక్కా మెడ దగ్గర గీసుకుంటుంటే కిటికీలోంచి ఎండని చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒక ఏడు ఫైనల్ కూడా ఆదివారమే పడింది.

"ప్రభువు దినం రా అది. ఆటలు శనివారం ఆడుకో."

"షెడ్యూల్ నేను చేశానా డాడీ?"

ఆయన చర్చికే డ్రైవ్ చేశాడు. నా బదులు ఆడిన కుర్రాడి కాళ్ళ మధ్యనుంచి బంతి దూరిపోయి మావాళ్ళు ఓడిపోయారని మర్నాడు స్కూల్లో తెలిసింది. చాలా రోజులు డాడీతో మాట్లాడలేదు. ఆయన అది గమనించినట్టే లేడు. అదే నన్ను ఇంకా మండించింది.

కాలేజీలో చేరాక ఆయన్ని మ్యాచ్‌లకి రమ్మని అడగడం మానేశాను. ఆడినన్నాళ్ళు ఆడాను, మోకాళ్ళు పాడయ్యాయి, అసిస్టెంట్‌గా బంతుల బకెట్లు మోశాను, చివరికి ఆ కాలేజీ టీంకే హెడ్ కోచ్‌నయ్యాను. ప్రతి సెప్టెంబర్‌లో కుర్రాళ్ళ తండ్రులు మడత కుర్చీలేసుకుని నా నిర్ణయాల మీద అరుస్తుంటే, వాళ్ళమీద కోపంకంటే ఆ కుర్రాళ్ళమీద అసూయే ఎక్కువ కలిగేది.

నిరుడు చలికాలంలో బడ్జెట్ లేదని కాలేజీ టీంనే తీసేసింది. ఈ వేసవిలో చర్చికి పాత హాలు పోయి, ఆరాధన శనివారం సాయంత్రానికి మారింది. మొన్న డాడీ ఫోన్ చేశాడు.

"ఆదివారాలు ఖాళీయేరా ఇప్పుడు. మీ ఆటెప్పుడు? వద్దామనుకుంటున్నా."

"టీమే లేదు డాడీ. తీసేశారు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వెప్పుడు అడిగావు?"

అయినా ఈ ఆదివారం ఆయన్ని కాలేజీ మైదానానికి తీసుకెళ్ళాను. మైదానం చదును చేసి, సాకర్ కోసం పచ్చగడ్డి పరిచేశారు. బంతి విసిరే మట్టిదిబ్బ లేదు, తెల్లగీతలు లేవు, వెనక వల లేదు. డాడీ కంచె పట్టుకుని చాలాసేపు చూశాడు.

"నువ్వెక్కడ కూర్చునేవాడివిరా?"

చూపిద్దామని చెయ్యెత్తాను. ఎటు చూసినా ఒకటే పచ్చ.

"అక్కడెక్కడో," అన్నాను.