సామికి ఎడమవైపు వెనక మూల

ఆ రోజుల్లో మాకు, అంటే ఎమ్మెస్ చదువుదామని వచ్చి న్యూజెర్సీ బేస్‌మెంట్లలో కాపురం పెట్టిన కుర్రాళ్ళకి, దేవుడు గుర్తొచ్చేది ఇంటర్వ్యూలప్పుడూ వీసా స్టాంపింగప్పుడూ మాత్రమే. మిగతా రోజుల్లో ఆయన్ని పెద్దగా ఇబ్బంది పెట్టేవాళ్ళం కాదు. అలాంటి నేను ఒక ఆగస్టు మిట్టమధ్యాహ్నం, నాది కాని ఊళ్ళో, అంతకుముందు పేరైనా వినని దేవుణ్ణి భుజాన పెట్టుకుని వీధులన్నీ తిరిగానంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

మా ఇంటి యజమానురాలు ఇటలీ మూలాలున్న పెద్దావిడ. మొదటిరోజే "నన్ను నోన్నా అని పిలువు" అంది. వాళ్ళ భాషలో నోన్నా అంటే మామ్మ. ఆ చిన్న ఊళ్ళో సగంమంది పూర్వీకులు ఇటలీలో ఒకే పల్లె నుంచి వచ్చారట. వస్తూ వస్తూ ఆ పల్లెను కాపాడే పునీతుణ్ణి కూడా వెంట తెచ్చుకున్నారు. చేతిలో కర్ర, తొడ మీద పుండు, కాళ్ళ దగ్గర రొట్టె కరుచుకున్న కుక్క. (కుక్కను చూడగానే నాకు దత్తాత్రేయుడు గుర్తొచ్చాడు. "ఈ సామి మనోడే రా బై" అని తేల్చేశాడు నా రూమ్మేట్ కరీంనగర్ బావ.) ఏటా ఆగస్టులో ఆ విగ్రహాన్ని చర్చిలోంచి తెచ్చి బ్యాండుతో ఊరేగిస్తారు. మోతకర్రల కింద ఒక్కో చోటు ఒక్కో ఇంటిది. తండ్రి తర్వాత కొడుకు పట్టాలి. ఎడమవైపు వెనక మూల నోన్నా భర్తది. ఆయన ఆ చలికాలమే పోయాడు. కొడుకులు లేరు. అల్లుడున్నాడు గానీ, కర్ర కింద నిలబడితే ఆయన నెత్తికి కూడా అది అందదు.

ఇంటిమనిషి రాకపోతే ఆ చోటు వేరే ఇంటికి పోతుంది. ఊరేగింపు పెద్ద, గుబురు మీసాలాయన, ఆ సంగతి చెప్పడానికి వచ్చిన సమయానికి నేను చెత్త సంచీ పట్టుకుని వంటింట్లోంచి వెళ్తున్నాను. నోన్నా నన్ను ఎగాదిగా చూసి "వీడు మోస్తాడు" అంది.

"వీడు మీ ఇంటిమనిషి కాదు కదమ్మా."

"ఈ ఇంట్లోనే ఉంటాడు. నేను వండిన పాస్తా తింటాడు. మరి ఏ ఇంటి మనిషి?" (ఆ పాస్తాలో మేం కారప్పొడి కలుపుకునేవాళ్ళమని ఆవిడకి తెలియదు.)

మీసాలాయన టేపు తెచ్చి నా భుజం ఎత్తు కొలిచాడు. పోయినాయన ఎత్తుకి సరిపోయింది. ఆ సాయంత్రం నోన్నా ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసి నా చేతికిచ్చింది. ఇస్తూ దాని కాలరు ఒకసారి నిమిరింది. అప్పుడు భయం వేసింది నాకు.

పండగ రోజు చర్చి మెట్ల దగ్గర అందరూ కర్రల కింద సర్దుకుంటున్నారు. నేను ఏమీ ఆలోచించకుండా బూట్లు, సాక్సులు విప్పి ఓ పక్కన పెట్టేశాను. దేవుణ్ణి ముట్టుకోబోతుంటే చెయ్యి దానంతట అదే లేసుల మీదికి పోయింది. చుట్టూ ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. ఎందుకో అర్థమయ్యేలోపే బ్యాండు మోగింది, సామి లేచాడు.

రోడ్డు పెనంలా కాలుతోంది. పైగా బూట్లు విప్పడంతో నా ఎత్తు కాస్త తగ్గి సామి నా వైపు ఒరిగాడు. ఆయన్ని నిలబెట్టడానికి మునివేళ్ళ మీద నడవాల్సి వచ్చింది. గెంతుదామంటే నాతోపాటు సామీ కుక్కా కూడా గెంతుతారు. బావ పక్కనే నడుస్తూ నా కాళ్ళ మీద వాటర్ బాటిల్ ఒంపుతున్నాడు. అది చూసి ముసలమ్మలు శిలువ గుర్తు వేసుకుంటున్నారు. వాళ్ళలో వట్టికాళ్ళతో నడిచేది పెద్ద మొక్కు ఉన్నవాళ్ళేనట! ఒకావిడ నా మోచెయ్యి పట్టుకుని "ఎవరి కోసం నాయనా?" అంది కళ్ళనీళ్ళతో.

"హెచ్-వన్ కోసమని చెప్పెయ్‌రా, పనైతది" అన్నాడు బావ తెలుగులో.

సగం దారిలో మీసాలాయన నా పాదాలు చూసి అదిరిపడ్డాడు. "తప్పుకో అబ్బాయ్. మా తమ్ముడు పట్టుకుంటాడు" అన్నాడు. తప్పుకుంటే ఆ మూల వాళ్ళదైపోతుంది. తర్వాతి మలుపులోనే నోన్నా ఇల్లు. నల్లగౌను వేసుకుని వాకిట్లో నిలబడి, అందరి తలల మధ్య నా తల కోసం వెతుకుతోంది. "తప్పుకోను సార్" అన్నాను. భక్తి కాదది. ఆవిడకి ఆ మూల ఖాళీగానో పరాయివాడితోనో కనబడకూడదనిపించింది, అంతే.

సాయంత్రం ఐసునీళ్ళ టబ్బులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే నోన్నా నా ఎదురుగా కుర్చీ లాక్కుంది. "మా ఆయన కోసం మొక్కుకున్నావా?"

అవునంటే ఎంత సంతోషించేదో! కానీ ఆ ముఖం చూస్తూ అబద్ధం రాలేదు. "కాదు నోన్నా. మావైపు దేవుణ్ణి చెప్పులేసుకుని మోయరు. అలవాటు, అంతే."

ఆవిడ నా పాదాల వైపు చూసింది. "పాపం, ఆయన ప్రతి ఏడూ బూట్లు తళతళలాడేలా పాలిష్ చేసుకుని వెళ్ళేవాడు. మాకెవరికీ ఈ మాట తోచలేదు" అని, లేచి ఇంకాస్త ఐసు తెచ్చి పోసింది.

తర్వాత చదువయింది, ఉద్యోగమొచ్చింది, టెక్సాస్ వచ్చేశాం. నోన్నా పోయిందని ఆలస్యంగా తెలిసింది. పోయిన ఆగస్టులో ఫ్రిస్కో నుంచి మా ఆవిణ్ణీ అమ్మాయినీ తీసుకుని ఆ ఊరు వెళ్ళాను. అదే బ్యాండు, అదే కుక్క. ఎడమవైపు వెనక మూలలో నోన్నా మనవడు. (అదృష్టవశాత్తూ తండ్రి పోలిక రాలేదు.) వట్టికాళ్ళతో ఉన్నాడు!

ఊరేగింపు ఆగినప్పుడు మా అమ్మాయి పరుగెత్తుకెళ్ళి, షూస్ ఎందుకు లేవని అడిగింది. అతను చెమట తుడుచుకుంటూ గర్వంగా చెప్పాడు: "ఈ మూల పట్టేది మా ఇల్లు. మా ఇంటివాళ్ళు సెయింట్‌ని షూస్‌తో మోయరు. మా ముత్తాత ఇటలీ నుంచి తెచ్చిన ఆచారం. మా నోన్నా చెప్పింది."

"నాన్నా, సేమ్ మన టెంపుల్‌లాగే! నిజంగా అంత ఓల్డా?" అంది మా అమ్మాయి నావైపు తిరిగి.

నోన్నా వంటింట్లో చెత్త సంచీ పట్టుకుని నిలబడ్డ బక్కపలచని కుర్రాడు గుర్తొచ్చాడు. ముత్తాతనవుతానని వాడికి ఏం తెలుసు పాపం!

"అవును తల్లీ, చాలా పాతది" అన్నాను.